అంచుదాకా పోసిన టీ

తిడతారు. ఈవేళ కూడా తిడతారు. తిట్టక ఎక్కడికి పోతారు, మూడు నెలలుగా తిట్టని పూటంటూ ఉందా, రొట్టె తినడం మానినా తిట్టడం మాననివాళ్లు ఈ ఒక్క పొద్దున మాత్రం ఎందుకు మానుకుంటారు, అనుకుంటూ జిపార్ వ్యాను కిటికీ అద్దాన్ని గోటితో గీకింది. మంచు అద్దానికి లోపలివైపే పట్టేసింది. గీకినచోట శనగగింజంత కంత పడింది, అందులోంచి చూస్తే మాత్రం ఏముంది, తెలుపు, ఆ తెలుపు వెనక కొంచెం మురికి తెలుపు, దాన్నే కొండ అనుకోవాలి. ఊపిరి తగిలి ఆ కంత కూడా మూసుకుపోయింది. ఊరి నుంచి జిల్లా ఆస్పత్రికి గంట ప్రయాణం, రోడ్డు బాగుంటే. కొత్త నర్సుకి ఇచ్చే మూడు నెలల గడువు ఈ పొద్దుటితో సరి. ఉంచుకుంటారో పొమ్మంటారో ఈవేళ తేలుతుంది. సంతకం పెట్టేది పెద్ద డాక్టరేగాని ఆ చేతిని నడిపించేది బుర్మాకన్ ఎజే. ఎజే అంటే అక్క, పెద్దదైన ఏ ఆడమనిషినైనా అలాగే పిలుస్తారు, కానీ ఆ వార్డులో ఒట్టి ఎజే అంటే ఆవిడొక్కతే, నర్సులందరికీ పెద్ద. పోయినవారం డాక్టరు వరండాలో నిలబడి "ఈ పిల్ల సంగతేమంటావు?" అని అడిగితే ఆవిడ "చూద్దాం" అంది. ఇంకా చూడ్డానికి ఏం మిగిలిందట, గోళ్లు చూసింది, జడ చూసింది, సెలైను బాటిలు తగిలించేటప్పుడు చెయ్యి ఎటు వణుకుతుందో చూసింది. అయినా జిపార్‌ని నిన్నటి నుంచి కొరుక్కుతింటున్నది ఆ చూద్దాం కాదు. నిన్న సాయంత్రం కోటు బొత్తాలు పెట్టుకుంటుంటే రాఖత్ గుమ్మం దాకా వచ్చి, "దారంతా జారుడుగా ఉంది, జాగ్రత్తగా వెళ్లు," అంది. రాఖత్! మూడు నెలల్లో ఆ నోట్లోంచి ఒక్క మంచిమాట ఊడిపడలేదు, అలాంటిది జాగ్రత్తట. ఆ మాట విన్నప్పటి నుంచీ జిపార్‌కి ముద్ద దిగలేదు.

మొదటిరోజు ఇదే రాఖత్ ఏమంది? "అన్నిట్లో ఫస్టొచ్చినవాళ్లకిచ్చే ఎర్ర డిప్లొమానట కదమ్మా! మావన్నీ నీలం అట్టవి, నీ పక్కన నిలబడొచ్చో లేదో చెప్పు తల్లీ," అంది. ముప్పై దాటిన మనిషి, పళ్లు కనబడకుండా కళ్లతోనే నవ్వుతుంది, ఆ నవ్వే ఎక్కువ కాలుతుంది. రెండు మూడుసార్లు గుచ్చినా ఒక ముసలామెకి నరం దొరక్కపోతే, "కాలేజీలో మీకు దిండు మీద సూది గుచ్చడం నేర్పారా, దిండు కుట్టడం నేర్పారా?" అంది, వార్డంతా నవ్వింది, సూది గుచ్చించుకున్న ముసలామె కూడా నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, జిపార్ దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి ఉతికిన దుప్పట్లలో మొహం పెట్టి ఏడ్చింది. అక్కడ కూడా ఏడవనివ్వలేదు, బుర్మాకన్ ఎజే వెతుక్కుంటూ వచ్చి, "ఉతికినవాటి మీదా? ఏడిస్తే మాసినవాటి మీద ఏడు, ఎలాగూ ఉతుకుతాం," అంది. కొత్త నర్సంటే కొత్త కోడలే. అందరికంటే ముందు రావాలి, అందరి తర్వాత కూర్చోవాలి, కెటిల్ పక్క చోటు ఆమెది, టీ పోసేదీ ఆమే, పియాలాలు, ఆ పిడిలేని టీ గిన్నెలు, కడిగేదీ ఆమే. మొదటివారంలో చెయ్యి బెసికి ఎజే పియాలా అంచుదాకా నింపేసింది. ఎజే ఆ పియాలాని అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, "చూడండర్రా, ఈ పిల్ల నన్ను సాగనంపుతోంది! పింఛనుకి ఇంకా టైముందే పిల్లా, అప్పుడే నిండు పియాలా చేతికిస్తావా?" అంది. నిజమే కదా, ఆ మాత్రం తెలియదా, ఇంట్లో ఎన్నిసార్లు పోయలేదు, సగానికి తక్కువ పోస్తే మళ్లీ మళ్లీ పోయొచ్చు, మళ్లీ మళ్లీ పోయడమంటే ఇంకాసేపు కూర్చోమని, నిండా పోయడమంటే తాగి లేవమని. తెలుసు. తెలిసీ పోసింది, చెయ్యి మాట వినలేదు. ఆస్పత్రి గుమ్మం దాటితే చాలు చేతులు వేరేవాళ్లవైపోతాయి.

"కాళ్లు ముడుచుకో, పిల్లా! పాలు ఒలికితే ఎవరిస్తారు, మీ బాబా?" అని పక్క సీటు ముసలామె గద్దించింది. జిపార్ ఉలిక్కిపడి కాళ్లు లాక్కుంది. ముసలామె మోకాళ్ల మధ్య పాలడబ్బా, దానికి పాత స్వెటరు తొడిగింది పసిపిల్లకి తొడిగినట్టు. "ఎముకల్లేవా? నిటారుగా కూర్చో. ఈ కాలం ఆడపిల్లలందరూ తడిసిన మేకల్లా వంగిపోతారు." క్షమించండమ్మా అని జిపార్ నిటారుగా కూర్చుంది, చెబితే ఎవరూ నమ్మరుగాని, పొద్దుటి నుంచి మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది. ఆ తిట్టులో ఎంత ప్రాణం ఉందో. నిటారుగా కూర్చో అన్నారంటే నువ్వింకా కూర్చుంటావని నమ్మకం, కాళ్లు ముడుచుకో అన్నారంటే నీ కాళ్లు ఇక్కడే ఉంటాయని లెక్క. ఎజే తిట్లూ అంతే కదా, టోపీలోంచి జుట్టు బయటికొచ్చిందనీ, చెప్పులు టకటకమంటున్నాయనీ, గడప దగ్గర బూట్లు దులుపుకోలేదనీ. ముఖ్యంగా ఆ బూట్లు. "మంచుని వెంటబెట్టుకొచ్చావా, చుట్టమా అది? బయటే దులుపు!" అని రోజూ అరుపే. రేపు కూడా నువ్వు రావాలి, రేపైనా దులుపుకోవాలి అనేగా దానర్థం. దేవుడా, ఈవేళ తిట్టించు. ఈవేళ ఒక్కసారి నోరారా తిట్టించు, ఇంకేమీ అడగను. తిట్టేవాళ్లు ఉన్నంతకాలం బాగానే ఉన్నట్టు, తిట్టు ఆగిందంటేనే, తిట్టు ఆగిన రోజు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు, తొమ్మిదేళ్లప్పుడే తెలుసు.

పెద్దమ్మ ఖాలిచా. అమ్మో, ఆవిడ నోరు! ఆ వేసవిలో జిపార్‌ని కొండ మీద పచ్చిక మైదానంలో పెద్దమ్మ గుడారంలో ఉంచారు, అమ్మని ఆస్పత్రిలో పెట్టారు కాబట్టి. నీళ్లు తెస్తే ఒలకబోశావని తిట్టు, తేకపోతే ఎక్కడ చచ్చావని తిట్టు, దూడ తల్లి దగ్గరికి పారిపోతే దూడని కాకుండా జిపార్‌ని తిట్టు. ఆ పొద్దున మాత్రం పెద్దమ్మ గోరువెచ్చని నీళ్లు పెట్టింది. పెరుగు రాసి తల రుద్దింది, మెల్లగా రుద్దింది, కళ్లలో పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. రెండు జడలు వేసింది. జడలు వేస్తున్నంతసేపూ ఒక్కసారి కూడా తల కదపకు అనలేదు. చక్కెర బిళ్ల నోట్లో పెట్టింది, ఇంకోటి పిడికిట్లో పెట్టింది. పక్క గుడారాల ఆడవాళ్లు పనిలేకుండా ఒక్కొక్కరే వచ్చి చుట్టూ కూర్చున్నారు. "బాతు ఎగిరిపోతే చెరువు ఏడవదమ్మా, చెరువు ఓర్చుకుంటుంది," అంది పెద్దమ్మ, ఆ గొంతు పెద్దమ్మది కానే కాదు. మనవాళ్లు చావుని చావనరు, చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టి, భుజం పట్టుకుని, తియ్యగా, అటుతిప్పి ఇటుతిప్పి, పిట్టనో గుర్రాన్నో మాటల్లోకి తెచ్చి చెబుతారు, చెప్పేవాళ్లు ఏడుస్తూనే చెబుతారు, వినేవాళ్లు తామే అర్థం చేసుకోవాలి. జిపార్ అర్థం చేసుకుంది. కానీ తొమ్మిదేళ్లదానికి అర్థమైందని ఎవరూ అనుకోలేదు. గుర్రం మీద పెద్దమ్మ ముందు కూర్చుని కొండ దిగుతూ ఆ పగలంతా అమ్మ చచ్చిపోయిందా అని అడగలేక, అడిగితే నిజమైపోతుందేమోనని, నోట్లో చక్కెర కరిగిపోయినా నోరు తెరవకుండా కూర్చుంది. సాయంత్రానికి ఊరు కనబడింది, వాళ్ల వాకిట్లో, చావింట వేసే, నలుపు కట్టిన గుడారం లేచి ఉంది. పిడికిట్లో బిళ్ల జిగురై వేళ్లకి అంటుకుపోయింది. ఆ పగలు ఎవరికీ రాకూడదు అనుకుంది అప్పుడు, తను పెద్దయితే ఎవరినీ అలా రోజంతా కొండ దింపదు అనుకుంది. అనుకోవడానికేం, తొమ్మిదేళ్లకి ఎవరైనా ఏమైనా అనుకుంటారు.

ఇసాబెక్ తాత అయితే ఆ అనుకోవడాన్ని వినీ వినగానే నవ్వేవాడు. గుండె నీరుపట్టి, రెండు దిళ్ల మీద కూర్చునే నిద్రపోయేవాడు పాపం, పడుకుంటే ఊపిరాడదు. ఆ వార్డులో జిపార్ చేతికి భయపడని నరాలు ఆయనవొక్కటే. "గుచ్చవే, ఏం భయం? గొర్రెలకి సూది వెయ్యలేదా నువ్వు? నేనూ గొర్రెనే, కాస్త ఉన్ని తక్కువ," అని చెయ్యి చాచేవాడు. తప్పిపోతే "ఇదీ ఒక గుచ్చడమేనా, దోమలు నయం," అని మళ్లీ చాచేవాడు. ఆయన తిట్టు కూడా తిట్టే, కానీ ఆ తిట్టు తర్వాత చెయ్యి వణికేది కాదు. ఆయన చేతి మీదే జిపార్ నేర్చుకుంది, నిజంగా నేర్చుకుంది, ఒకరోజు ఒక్క గుచ్చులో నరం దొరికితే రాఖత్ చూసి కూడా ఏమీ అనలేదు, అనకపోవడమే ఆమె మెచ్చుకోలని అప్పట్లో సంబరపడింది. ఎంత పిచ్చిది. రాజధానిలో ఉన్న కూతురు తుమార్ గురించే ఎప్పుడూ ఆయన కబుర్లు, తుమార్ కారు నడుపుతుంది, మగవాడిలా నడుపుతుంది, కనుమ దాటి ఒక్కతే వస్తుంది. వస్తుంది వస్తుంది అంటూనే ఒక మధ్యాహ్నం దిళ్ల మీద అలాగే కూర్చుని ఆగిపోయాడు. జిపార్ గంజి గిన్నె పట్టుకుని ఉంది. బుర్మాకన్ ఎజే వచ్చి ఆయన కళ్లు మూసింది, గడ్డానికి గుడ్డ కట్టింది, ఒక్క వంకర ముడి లేకుండా. ఆ తర్వాత ఆవిడ బయటికి నడిచింది, ఆయన తమ్ముడి ఇంటికి తానే వెళ్లింది, ఊరి పెద్దల్ని పోగుచేసి ఇంటి దగ్గర కూర్చోబెట్టడానికి. తుమార్ అప్పటికే దారిలో ఉంది, నాన్నకి బాగాలేదు రమ్మంటే బయల్దేరింది. ఇంటికి చేరాక, నలుగురూ చుట్టూ చేరి పట్టుకున్నాక, పెద్దవాళ్లు చెబుతారు. అంతా ఏర్పాటైంది. ఫోను తియ్యొద్దని మాత్రం జిపార్‌కి ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు, చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి కదా.

మోగింది. తీసింది. "చెల్లీ, కనుమ మీద ఉన్నాను, సిగ్నల్ ఇక్కడే దొరికింది. నాన్న గంజి తాగాడా?" గంజి గిన్నె ఇంకా జిపార్ ఎదురుగా బల్ల మీద ఉంది, పైన మీగడ కట్టి. తాగాడు అనొచ్చు. పడుకున్నాడు అనొచ్చు. డాక్టరుని పిలుస్తానుండండి అని ఫోను పక్కన పెట్టేసి పారిపోవచ్చు, ఎన్ని దారులు, ఇప్పుడు పడుకున్నా లేచినా అన్ని దారులూ కనబడతాయి, అప్పుడు ఒక్కటీ కనబడలేదు. కాలేజీలో పంతులమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది, రోగి మనుషుల దగ్గర నిజం దాచకూడదని. గుర్రం మీద ఆ పగలు గుర్తొచ్చింది, పిడికిట్లో చక్కెర గుర్తొచ్చింది. "మీ నాన్నగారు చనిపోయారు ఎజే. మధ్యాహ్నం," అంది. వెనకాల ట్రేతో వస్తున్న రాఖత్ చేతిలోంచి గాజుసీసా పడి పగిలింది. ఫోనులో గాలి చప్పుడు, ఆ చప్పుడు కూడా కాసేపే. అంత దూరంలో, అంత ఎత్తున, భుజం పట్టుకోవడానికి ఒక్క చెయ్యి లేని చోట, తుమార్ కారు దిగి మంచులో కూర్చుండిపోయిందట, చేతితొడుగులు కారులోనే ఉన్నాయట, మంచుని పిడికిళ్లతో కొడుతూ ఏడ్చిందట, ఎంతసేపో ఆమెకే తెలియదు, ఎవరో లారీవాళ్లు చూసి ఎత్తి కూర్చోబెట్టి తెచ్చారు. బుర్మాకన్ ఎజే తిరిగొచ్చి విని, ముందు గోడకి ఆనుకుని నిలబడింది. తర్వాత అంది, "నోరా అది, మోరీనా? డెబ్భై ఏళ్ల పెద్దమనిషి ఆ మాట చెప్పడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు, డేగ ఎగిరిపోయింది అంటాడు, కొండ ఒరిగింది అంటాడు. నువ్వెవతివే? నిన్ను మనిషి కనలేదా, టెలిగ్రాము కన్నదా?" ఆ తిట్టు సరైనదే. అదే బాధ. మిగతా తిట్లకి లోపల్లోపల జవాబు చెప్పుకోగలిగేది, దీన్ని మాత్రం మింగలేదు, కక్కలేదు.

మర్నాడు తుమార్ వేళ్లకి కట్టు కట్టాల్సి వచ్చింది. రెండు వేళ్ల కొసలు నల్లబడ్డాయి, మాడిపోయిన బల్బుల్లా. "నువ్వే వెళ్లు, నీ మాట చేసిన పని నీ కళ్లతో చూడు," అని పంపింది ఎజే. వెళ్లింది. తుమార్‌కి తండ్రి ముక్కే, తండ్రి గడ్డమే. తిడుతుందనుకుంది, కొడితే బాగుండుననుకుంది. కట్టు కడుతున్నంతసేపూ ఆమె కిటికీలోకి చూస్తూ కూర్చుంది, అంతా అయ్యాక, "నిజమే చెప్పావు చెల్లీ, నీది తప్పని అనను," అంది, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి తీసుకుని, "నా పక్కన ఎవరైనా ఉన్నాక చెప్పి ఉంటే బాగుండేది," అంది. అంతే. లేచి వెళ్లిపోయింది తండ్రిని మట్టిచెయ్యడానికి. అప్పుడు తెలిసింది జిపార్‌కి, ఆ పగలంతా పెద్దమ్మ ఎందుకు తన నడుం చుట్టూ చెయ్యి తియ్యలేదో, కొండ దిగినంతసేపూ ఆ చెయ్యి అక్కడే ఉంది కదా, కళ్లెం ఒక చేత్తోనే పట్టుకుంది కదా. తను చక్కెర గుర్తుపెట్టుకుంది, చెయ్యి మరిచిపోయింది. తెలిసి ఏం లాభం, వేళ్లు నల్లబడ్డాక. ఆ రోజు నుంచి వార్డులో జిపార్ పేరు రేడియో. ఫోను మోగితే రాఖత్, "రేడియో అమ్మాయిని పిలవండర్రా, వార్తల టైమైంది," అంటుంది. ఏదన్నా చెప్పబోతే ఒక రోగి దుప్పటి మొహం మీదికి లాక్కుని, "నాకేం చెప్పకు తల్లీ, నీకు దణ్ణం పెడతా," అన్నాడు, సరదాకే అన్నాడు, అందరూ నవ్వారు. నేర్చుకున్న నరాలన్నీ చేతిలోంచి పోయాయి. గుచ్చబోతే తాత గుర్తొస్తాడు, తాత గుర్తొస్తే తుమార్ వేళ్లు గుర్తొస్తాయి, "ఇటివ్వు" అని రాఖత్ సూది లాక్కుంటుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు, నాన్న మాత్రం సంతలో కనబడిన ప్రతివాడికీ చెబుతున్నాడు, మా పిల్ల తెల్లకోటు వేసుకుంది, వాళ్లమ్మ పడుకున్న వార్డే, అదే వార్డు అని. ఆ వార్డులోంచి పొమ్మంటే ఆయనకి ఏ పిట్ట పేరు చెప్పాలి, ఏ గుర్రం పేరు చెప్పాలి. మాస్కోలో పొట్లాలు కట్టే గోదాములో చెల్లెలి వరసైన పిల్ల ఉంది, రమ్మంటోంది, అక్కడ ఎవరికీ చావు కబురు చెప్పక్కర్లేదు, అట్టపెట్టెకి టేపు అంటిస్తే చాలు. వేలమంది వెళ్లారు, తనూ వెళుతుంది, వేళ్లకి టేపు జిగురు అంటుకుంటుంది, చక్కెరలాగే.

వ్యాను నెమ్మదించింది. శ్మశానం. సమాధుల మట్టి గోపురాల మీద మంచు కూర్చుని ఉంది. డ్రైవరు పాట ఆపేశాడు, అందరూ అరచేతులు ఎత్తి మొహం మీదుగా కిందికి దించుకున్నారు, ముసలామె కూడా పాలడబ్బా వదిలి దించుకుంది, జిపార్ కూడా. ఆ కొత్త దిబ్బ ఇసాబెక్ తాతది, ఇంకా కుంగలేదు. తాతా, నువ్వుంటే ఏమనేవాడివి? ఇదీ ఒక చెప్పడమేనా, దోమలు నయం అనేవాడివి, మళ్లీ చెయ్యి చాచేవాడివి. అంతేనా? తన కూతురి వేళ్లు చూశాక కూడా చాచేవాడా? ఏమో. చచ్చినవాళ్ల మంచితనాన్ని మనమే పెంచుకుంటాం, వాళ్లు కాదనరు కాబట్టి. ముసలామె మోచేత్తో పొడిచింది, "దిగవా? ఆస్పత్రి దాటిపోతే వెనక్కి నడుస్తావా, బుర్ర ఎక్కడ పెట్టావు?" అంది. దిగింది. ఆ మాట పట్టుకుని గేటు దాకా నడిచింది, చలికాలంలో జేబులో వేడి గుడ్డు పట్టుకున్నట్టు.

మెట్ల దగ్గర ఆగింది. రోజూ ఇక్కడే బూట్లు టపటపా కొట్టి దులుపుతుంది. ఈవేళ దులపలేదు. కావాలనే దులపలేదు. చెప్పుకుంటే నవ్వుతారుగాని, టోపీలోంచి ఒక జుట్టుపాయ కూడా కావాలనే బయటికి లాగింది. రా ఎజే, చూడు, మంచుని వెంటబెట్టుకొచ్చాను, చుట్టమే, అరువు. వరండా పొడుగునా ఒక్కో అడుగుకీ మంచుముద్ద ఊడి పడుతోంది, తుడిచే ఆవిడ చూసి నోరు తెరిచింది, తెరిచిన నోరు మూసుకుని పక్కకి తప్పుకుంది. నర్సుల గది తలుపు తీసే ఉంది. అందరూ ఉన్నారు, ఇంకా వేళ కాలేదు, అయినా అందరూ ఉన్నారు. కెటిల్ పక్కన, జిపార్ చోటులో, బుర్మాకన్ ఎజే కూర్చుని ఉంది. బల్ల మీద తాజా రొట్టె, దాని పక్కన మీగడ గిన్నె, పండగకి తప్ప తియ్యరు ఆ గిన్నె.

"రా తల్లీ," అంది ఎజే. "చలిలో వచ్చావు."

తల్లీ. జిపార్ గడప మీదే నిలబడింది. బూట్ల కింద నీళ్లు చేరుతున్నాయి, గడప దాటి లోపలికి పాకుతున్నాయి, అందరికీ కనబడుతున్నాయి. రాఖత్ లేచి వచ్చి చెయ్యి పట్టుకుంది, ఎంత మెత్తటి చెయ్యి, ఇన్నాళ్లూ సూది లాక్కున్న చెయ్యి ఇదేనా, తీసుకెళ్లి గోడవైపు పై చోటులో కూర్చోబెట్టింది, పెద్దవాళ్లు కూర్చునే చోటు. పక్కన తను కూర్చుంది. అటుపక్కన ఇంకొకామె జరిగి ఆనుకుని కూర్చుంది. రెండు భుజాలూ తగులుతున్నాయి.

"నేను బూట్లు దులుపుకోలేదు ఎజే," అంది జిపార్.

"పోనీలే తల్లీ. మంచే కదా, కరిగిపోతుంది."

"గడపంతా తడిసింది."

"తుడుస్తారులే. నువ్వు రొట్టె తుంచుకో ముందు. మీగడ వేసుకో, మా మరదలు పంపింది." ఎజే రొట్టె తానే తుంచి ముందు పెట్టింది. వేళ్లతో బల్లమీద పొడి ఏరుతూ, ఎవరివైపూ చూడకుండా అంది, "మా అమ్మ అనేది, చెలమలో పుట్టిన నీళ్లు చెలమలోనే ఉండిపోవు అని. ఒక రాయి అడ్డమొస్తుంది, ఇంకోవైపు తిరుగుతాయి. రాయిది తప్పా, నీళ్లది తప్పా? ఎవరిదీ కాదు. నీళ్లకేం, లోకమంతా పల్లమే..."

గొంతు ఎజేది కాదు. ఎంత తియ్యగా ఉంది. వినవలసింది ఇదేనా, మూడు నెలలు రోజూ పడుకునే ముందు కోరుకున్న గొంతు ఇదే కదా, ఇలా ఒక్కసారి మాట్లాడితే చాలు జన్మంతా పనిచేస్తాను అనుకున్నది. రాఖత్ ఆమె టోపీలోంచి బయటికొచ్చిన జుట్టుపాయని లోపలికి తోసింది, మెల్లగా, పెద్దమ్మలా, కదపకు అనకుండా. వీళ్లు మంచివాళ్లే. అదే ఘోరం. తను చెయ్యలేనిది వీళ్లు ఎంత బాగా చేస్తున్నారు, ఎవరూ నేర్పకుండా, ఎర్ర డిప్లొమా లేకుండా, చుట్టూ కూర్చుని, భుజం ఆనించి, నీళ్ల మాట చెబుతూ, ఎదుటి మనిషి ఒంటరిగా వినకుండా చూసుకుంటూ.

"ఎజే," అంది జిపార్. "నాకు సూటిగా చెప్పండి. ఒక్క మాటే. నేను తట్టుకుంటాను. లేకపోతే తిట్టండి ఎజే, ఎప్పట్లా తిట్టండి, బూట్లు దులుపుకోలేదు కదా."

రాఖత్ ముక్కు ఎగబీల్చింది. బుర్మాకన్ ఎజే కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది, కెటిల్ అందుకుని పియాలాలో టీ పోయడం మొదలుపెట్టింది. సగం దగ్గర జిపార్ ఆ చేతినే చూసింది. చెయ్యి ఆగలేదు, వణకలేదు కూడా, ముప్పై ఏళ్లు నరాలు వెతికిన చెయ్యి.

"టీ తాగు తల్లీ, చల్లారిపోతుంది," అంది ఎజే.

పియాలా అంచుదాకా ఉంది. జిపార్ ఒలకకుండా రెండు చేతులా అందుకుంది.